అన్నయ్య వెయ్యని ఎత్తు

ఆమెను చెల్లాయి అనే అందాం. ఇంట్లో ఆమెకు మరో పేరు లేదు. ఇంట్లో అంటే ఉన్నది వాళ్ళ అన్నయ్య ఒక్కడే, ఆ ఒక్కడూ అలాగే పిలిచేవాడు, ఇప్పుడు ఆ ఒక్కడూ లేడు. పని చేసే చోట మాత్రం ఆమెను పుర్రచెయ్యి అక్క అంటారు. బట్టలు కుట్టే యూనిట్‌లో కటింగ్ బల్ల దగ్గర అందరి కత్తెరలూ ఒక బుట్టలో పడి ఉంటే, ఆమెది మాత్రం విడిగా మేకుకి వేలాడుతుంది. అది ఎడంచేతి వాళ్ళ కత్తెర. ఇంకెవరు పట్టుకున్నా గుడ్డ తెగదు, నలుగుతుంది.

ఆ శనివారం సాయంత్రం ఆమె పని నుంచి వచ్చి తాళం తీసేసరికి ఇల్లు చీకటిగా ఉంది.

ఇల్లన్నాక చీకటిగా ఉండదా, లైటు వేసుకుంటే పోలా అని మీరనొచ్చు. కానీ కొన్ని నెలలుగా ఆ ఇల్లు ఎప్పుడూ పూర్తి చీకటిగా లేదు. హాల్లో కిటికీ పక్క బల్ల మీద అన్నయ్య ల్యాప్‌టాప్ రాత్రీ పగలూ వెలుగుతూనే ఉండేది. దాని మీద ఒక పాత టవల్ కప్పి ఉండేది. ఆ టవల్ నేతలోంచి కాస్త నీలపు వెలుతురు బయటికి వచ్చేది. తలుపు తియ్యగానే ముందు అదే కనపడేది. ఇంట్లో ఎవరో ఉండి లైటు వేసుకున్నట్టుండేది. ఎవరూ లేరని ఆమెకు తెలుసు, పిచ్చిదేం కాదు. అయినా చెప్పులు విప్పుతూ రోజూ అటే చూసేది.

ఇవాళ ఆ వెలుతురు లేదు. టవల్ అంచు మెల్లగా ఎత్తి చూసింది. తెర నల్లగా ఉంది. ఫ్యాను మాత్రం గురక పెడుతూనే ఉంది, చార్జరు దగ్గర చిన్న దీపం వెలుగుతూనే ఉంది. అంటే ప్రాణం ఉంది, చూపే పోయింది. ఏదైనా మీట నొక్కి చూద్దామని చెయ్యి ముందుకెళ్ళి, అంతలోనే వెనక్కి వచ్చేసింది. ఏది నొక్కితే ఏమవుతుందో, ఉన్నది కూడా ఊడిపోతే? టవల్ మళ్ళీ వదిలేసి, లైటు కూడా వెయ్యకుండా కుర్చీలో కూలబడింది. ఆ వయసులో ఒక మిషను కోసం అంత కంగారు పడటం చూస్తే ఎవరైనా నవ్విపోతారు. చూడటానికి ఎవరూ లేరు కాబట్టి ఆ బాధ లేదు.

ఆ మిషన్లో ఉన్నది ఆస్తులూ కాదు, రహస్యాలూ కాదు. ఒక చదరంగం ఆట. అదీ సగంలో ఉంది.

అన్నాచెల్లెళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. అయ్యే వయసులో నీది కానీ అంటే నీది కానీ అని ఒకరి కోసం ఒకరు ఆగారు. ఆగీ ఆగీ చివరికి అదే అలవాటైపోయింది. అన్నయ్యది కోల్డ్ స్టోరేజీలో రాత్రి డ్యూటీ, చలిగదుల మిషన్లు ఆగిపోకుండా కనిపెట్టుకుని ఉండే పని. ఈమెది పగటి పని. ఈమె బయల్దేరాక అతను వచ్చేవాడు. ఈమె తిరిగొచ్చేసరికి అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ గుమ్మంలో ఉండేవాడు. "గ్యాస్ అయిపోయింది", "నీళ్ళు పట్టి ఉంచాను", "వెళ్ళొస్తా", ఇవే వాళ్ళ కబుర్లు. సెలవు కూడా ఒకరికి ఆదివారమైతే ఇంకొకరికి బుధవారం. "ఇది ఇల్లా, సత్రమా?" అని వాళ్ళ పిన్ని వచ్చినప్పుడల్లా సాగదీసేది.

ఆ ఖాళీలోకి చదరంగం వచ్చింది. ల్యాప్‌టాప్ కొన్న కొత్తలో అన్నయ్య ఎక్కడో ఊరికే దొరికిన ఆట ఒకటి అందులో పెట్టాడు, ఇద్దరు కూర్చుని ఆడుకునేది. ఇద్దరూ కూర్చునే వీలెక్కడుంది? అందుకని పొద్దున వచ్చాక అతను ఒక ఎత్తు వేసి పడుకునేవాడు. సాయంత్రం అతను వెళ్ళాక ఈమె ఒక ఎత్తు వేసేది. రోజుకి ఒక్కొక్కటే. ఒక ఆట ఎండల్లో మొదలైతే వానల్లో తేలేది. దాంతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే, ఆ ఆటకి జ్ఞాపకం లేదు, మిషను ఆపితే అంతా మర్చిపోతుంది. కాబట్టి మిషను ఆపడమే మానేశారు. తెర నిద్రపోకుండా అన్నయ్య ఏవో మార్పులు చేశాడు. కరెంటు పోయినా ఆగకుండా బల్ల కింద ఒక బ్యాటరీ పెట్టె పెట్టాడు. "రాత్రంతా నేను మేలుకోవట్లా? అది కూడా మేలుకుంటుంది, ఏం కాదు" అనేవాడు.

ఎవరి వంతో చెప్పుకోవడానికి కూడా వాళ్ళకు మాటలు అక్కర్లేదు. చెల్లాయిది ఎడంచెయ్యి, అన్నయ్యది కుడిచెయ్యి. తన ఎత్తు వేసినవాళ్ళు మౌస్‌ని ఎదుటివాళ్ళ పక్కకి జరిపి పెట్టాలి. మౌస్ ఎడమ పక్క ఉంటే ఆమె వంతు, కుడి పక్క ఉంటే అతని వంతు. ఒకరికొకరు చెప్పి పెట్టుకున్న నియమం కాదు, దానంతటదే వచ్చింది. ఇన్నేళ్ళలో ఇద్దరిలో ఎవరూ ఒక్కసారీ మర్చిపోలేదు.

గెలుపు మాత్రం ఎప్పుడూ అన్నయ్యదే. ఈమె ఉత్సాహం కొద్దీ బలగాన్నంతా ముందుకు తోసేసేది, అతను వెనక నుంచి వచ్చి రాజును పట్టేసేవాడు. "వెనక వరస ఖాళీ చెయ్యకే అని ఎన్నిసార్లు చెప్పాలి? ఇంటికి తాళం వెయ్యకుండా ఊరంతా తిరుగుతావేంటి?" అని గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ వెక్కిరించేవాడు. ఆ రోజుకి అదే వాళ్ళ పెద్ద సంభాషణ.

అతను పోయిన రోజు కూడా మామూలుగానే డ్యూటీ నుంచి వచ్చాడు. ఇంటికొచ్చాక ఒంట్లో తేడా చేసింది కాబోలు, తనంతట తనే మెట్లు దిగి, వీధి చివర క్లినిక్ దాకా నడిచి, అక్కడ బెంచీ మీద కూర్చుని అలాగే ఒరిగిపోయాడు. కటింగ్ గదిలోకి ఫోన్లు రానివ్వరు, బయట అరల్లో పెట్టి వెళ్ళాలి. సూపర్‌వైజరు వచ్చి భుజం తట్టేసరికే అంతా అయిపోయింది. తర్వాత ఫోను తీసి చూసుకుంటే క్లినిక్ వాళ్ళ కాల్స్ ఉన్నాయి, అన్నయ్య నుంచి ఒక్కటి కూడా లేదు.

ఇంటికి వచ్చాక ఆమె ముందు చూసింది ఆ బల్ల వైపే. మౌస్ కుడి పక్కనే ఉంది. అంటే ఇక తెర చూడనక్కర్లేదు, ముందు రోజు సాయంత్రం తను వేసినదానికి అతను జవాబు వెయ్యలేదు. అది చూశాక ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పిలవలేదు, సరే. రోజూ వేసే ఆ ఒక్క ఎత్తు కూడా వెయ్యకుండా వెళ్ళిపోతాడా? చెల్లెలి కోసం ఆ బల్ల దగ్గర ఒక్క నిమిషం ఆగుదామని కూడా అనిపించలేదా? నొప్పితో ఉన్న మనిషి చదరంగం ఆడతాడా, బుద్ధి లేదా నీకు అని తనను తను తిట్టుకుంది కూడా. అయినా ఆ కోపం పోలేదు. వచ్చినవాళ్ళందరూ ఆమె గుండె రాయి అనుకుని వెళ్ళారు.

పిన్ని కొన్నాళ్ళు ఉంది. "దాన్ని ఆపెయ్యవే, కాలిపోతుంది" అంటే, "దాని జోలికి వెళ్ళకు" అని కసిరింది చెల్లాయి. పిన్ని నొచ్చుకుని, దుమ్మన్నా పడకుండా ఉంటుందని ఆ టవల్ కప్పి ఊరుకుంది. అప్పటి నుంచి చెల్లాయి దాన్ని తియ్యలేదు. దేనికి తియ్యాలి? కింద ఏ గడిలో ఏముందో ఆమెకు కంఠతా వచ్చు. అన్నయ్య వంతు. ఆట అయిపోలేదు, అతను ఇంకా వెయ్యలేదు, అంతే. వంతు ఉన్నవాడు ఎప్పటికైనా వచ్చి వెయ్యాలి కదా అన్నట్టు రోజులు నెట్టుకొచ్చింది. ఇలాంటివి పైకి చెప్పుకునేవి కావు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి పెద్దగా ఎవరూ లేరు కూడా.

మర్నాడు ఆదివారం. వీధి మలుపులో ఉన్న రిపేరు కొట్టుకి వెళ్ళింది. ఆ కొట్టతన్ని అందరూ టార్చి అంటారు. ఎవరేం తెచ్చినా ముందు జేబులోంచి చిన్న టార్చి తీసి లోపలికి వేసి చూడటం అతని అలవాటు. ఒకసారి గొంతు నొప్పని వాపోతున్న పక్కకొట్టు టైలరు నోట్లోకి కూడా వేసి చూశాడట. మనిషి మంచివాడే గానీ నోరు ఊరుకోదు.

"ఒకసారి ఆపి మళ్ళీ వేసి చూశారా అక్కా?"

"ఆపకూడదు."

"అదేంటి? సగం జబ్బులు దాంతోనే పోతాయి."

"ఆపకూడదని చెప్తున్నాను కదా. ఆపకుండా బాగు చెయ్యాలి. ఇక్కడికి తేవడం కూడా కుదరదు, మీరే రావాలి."

టార్చి ఆమె మొహంలోకి పరీక్షగా చూశాడు. అదృష్టం బాగుండి టార్చి వెయ్యలేదు. "నడుస్తున్న బస్సుకి టైరు మార్చమన్నట్టుంది అక్కా మీరు చెప్పేది."

"ఆ బస్సు ఆగిందంటే మళ్ళీ కదలదు" అంది చెల్లాయి. అని, అక్కడే నిలబడిపోయింది. మధ్యాహ్నం భోజనానికి కొట్టు మూసేవేళకి కూడా ఆవిడ అలాగే మలుపులో నిలబడి ఉండటం చూసి, టార్చి సంచి భుజాన వేసుకుని వెంట వచ్చాడు.

మెట్లెక్కుతున్నంతసేపూ అతను ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు. హాల్లోకి వచ్చి టవల్ చూసి, "దీనికేంటి, జలుబా?" అన్నాడు. ఆమె నవ్వలేదు. టవల్ తీసి మడతపెట్టి కుర్చీ వీపు మీద వేసింది. నల్లటి తెరలో పగటి వెలుతురుకి ఇద్దరి మొహాలూ మసగ్గా కనపడ్డాయి.

టార్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కూర్చోవడమే ఆలస్యం, బొటనవేలు నేరుగా పవర్ బటన్ మీదికి వెళ్ళిపోయింది. ఏళ్ళ తరబడి పడిన వాటం అది. ఏ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నా ముందు ఆ బటన్ నొక్కి పట్టుకుని పూర్తిగా చంపి, ఆ తర్వాతే ఆలోచించడం మొదలుపెడతారు ఆ పనిచేసేవాళ్ళు. వేలు ఆనింది, ఇంకా నొక్కలేదు, చెల్లాయి అతని మణికట్టు పట్టేసింది. దొంతర్లు దొంతర్లుగా పేర్చిన గుడ్డని కదలకుండా అదిమిపెట్టే చెయ్యి అది.

"అమ్మో! సారీ అక్కా, సారీ. నేను కాదు, చెయ్యి. చెప్పిన మాట వినదు."

"వినకపోతే కట్టేసుకోండి" అంది. టార్చి నిజంగానే కుడిచెయ్యిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. మిగతా పనంతా ఎడంచేత్తోనే తంటాలు పడ్డాడు.

"ఈ పక్కన ఒక మీట ఉంది, పెద్దక్షరాలది. నొక్కితే చిన్న దీపం వెలగాలి. దానివల్ల ఏమీ చెదరదు. నొక్కనా?"

"ఒక్కసారే."

దీపం వెలిగింది. "చూశారా, లోపల మెలకువగానే ఉంది" అన్నాడు. తర్వాత టార్చి తీసి తెరకి దగ్గరగా, ఏటవాలుగా పట్టాడు. కాసేపు అటూ ఇటూ జరిపి, "ఇదిగో, వంగి చూడండి. బొమ్మ ఉంది" అన్నాడు. నిజమే, వెలుగు పడిన ఆ కాస్త మేరా, నల్లటి అద్దం లోపల ఎక్కడో లోతున గళ్ళు కనపడుతున్నాయి, వెలిసిపోయిన ముద్రలాగా.

"తెరలో బొమ్మ గీసేది ఒకటి, వెనక నుంచి దీపం పట్టేది ఒకటి. గీసేది శుభ్రంగా గీస్తోంది. దీపమే పోయింది. అందుకే మనకి నలుపు." తెర పైఅంచు పట్టుకుని వెంట్రుకవాసి వెనక్కి వంచాడు. ఒక చోట తెర తటాలున మెరిసి ఆరిపోయింది. చెల్లాయి ఉలిక్కిపడింది. "దొరికింది! ఈ మడత బందులోంచి ఒక సన్న వైరు పైకి వెళ్తుంది. అది తెగీ తెగనట్టుంది. అడుగున చెయ్యి పెట్టి చూడండి, చొక్కా ఇస్త్రీ చేసుకోవచ్చు. ఇంత వేడికి వైరు పెళుసెక్కదా మరి!"

"మార్చొచ్చా?"

"చిటికెలో పని. నా సంచిలోనే ఉంటుంది దానికి సరిపడేది. కాకపోతే విప్పాలి. విప్పాలంటే ఆపాలి, లోపల బ్యాటరీ కూడా ఊడదియ్యాలి. కరెంటు ఉండగా అందులో చెయ్యి పెట్టానంటే వైరు కాదు, మొత్తం బోర్డు పోతుంది."

"ఇంకో తెర ఏదైనా పక్కన తగిలిస్తే?"

"అదే చేద్దామని చూశాను. తగిలించే చోటు ఎప్పుడో విరిగిపోయి ఉంది."

"పోనీ ఇలాగే ఉండనిస్తే? కనపడకపోతే కనపడకపోయింది."

టార్చి ఈసారి చెవి దగ్గరపెట్టి ఫ్యాను చప్పుడు వింటూ కూర్చున్నాడు. "భయపెట్టాలని కాదు అక్కా. ఈ ఫ్యాను విన్నారా, ఆయాసపడుతోంది. నేను ఆపకపోయినా ఇవాళో రేపో అదే ఆగిపోతుంది. మీరు పనిలో ఉండగా ఆగిపోతుంది, మీకు తెలియను కూడా తెలియదు."

ఆ చివరి మాట ఆమెకు ఎక్కడ తగిలిందో అతనికి తెలిసే అవకాశం లేదు.

"అంతగా ఏముంది ఇందులో?" అని అడిగాడు. ఆమె చెప్పింది. ఆట అని మాత్రమే చెప్పింది. "ఓస్, దానికేనా! టార్చి వేసి ముక్కముక్కగా ఫొటోలు తీస్తాను. బాగయ్యాక అలాగే పేర్చుకుని ఆడుకోండి."

"నేను పేర్చుకుంటే అది నా ఆట అవుతుంది. ఇది ఇద్దరిది."

"ఆ రెండో ఆయన్ని కూడా పిలవండి, ఇద్దరూ కలిసే పేర్చుకుంటారు."

"లేడు" అంది చెల్లాయి. "మా అన్నయ్య. పోయాడు."

టార్చి తొడ కింద నుంచి చెయ్యి తీసి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె చెయ్యి చాపింది. "ఆ లైటు ఒకసారి ఇవ్వండి. ఆఖరుసారి చూసుకుని చెప్తాను."

టార్చి లైటు అందుకుని తెర దగ్గరికి వంగింది. ఆ వెలుగు గుండ్రంగా, రూపాయి బిళ్ళంత చోట మాత్రమే పడుతోంది. తన వైపు నుంచి మొదలుపెట్టింది. రాజు. ముందు రెండు బంట్లు. ఆఖరున తను కదిపిన ఏనుగు, అడ్డు లేని బాటలో తిన్నగా అటు వైపు చూస్తూ. అంతా తను అనుకున్నట్టే ఉంది. మెల్లగా అన్నయ్య వైపుకి జరిపింది. మూల దగ్గర అతని రాజు, వరసగా ముందు మూడు బంట్లు. రాజుకి కాస్త ఎడంగా, వెనక వరసలో కాపలా ఉండే అతని ఏనుగు.

ఏనుగు లేదు.

వెలుగు సరిగా పడలేదేమో అనుకుంది. వంపు మార్చింది. ఉత్త గడి. పక్క గడి చూసింది, అదీ ఉత్తదే. నడిమికి వచ్చింది. అక్కడ, తన బంటు ఉండాల్సిన చోట, అతని ఏనుగు నిలబడి ఉంది. తన బంటు లేదు.

"మీరేమైనా నొక్కారా?" అని గిర్రున వెనక్కి తిరిగింది.

"ఒట్టక్కా! ఆ ఒక్క మీట తప్ప ఏదీ ముట్టుకోలేదు. మీ కళ్ళ ముందే కదా ఉన్నాను."

నిజమే. ముట్టుకున్నా అది అలా జరిగేది కాదు. ఏనుగుని పట్టి, ఆ నిలువు వరస వెంటే ముందుకు తెచ్చి, సరిగ్గా బంటు మీద వదలాలి. టవల్ తగిలితే జరిగేది కాదు, పిన్నికి చదరంగమే రాదు. ఆ మిషను మీద ఎత్తు వెయ్యగలిగినవాళ్ళు ఆ ఇంట్లో ఇద్దరే, అందులో ఒకతె తను.

"వేశాడు" అంది చెల్లాయి పైకే. "వేసే వెళ్ళాడు!"

ఇన్నాళ్ళ కోపం ఒక్క క్షణంలో జారిపోయింది. చెప్పొద్దూ, ఆమెకు సంతోషం కలిగింది. అన్నయ్య వచ్చాడు, ఈ బల్ల దగ్గర ఆగాడు, చెల్లెలు సాయంత్రం వచ్చి చూసుకుంటుందని తన ఎత్తు తను వేశాడు. మౌస్ ఇటు జరపడం ఒక్కటే మర్చిపోయాడు. వెర్రిమొహంలాగా ఇన్నాళ్ళూ ఆ మౌస్‌ని చూసి అతన్ని తిట్టుకుంది, టవల్ ఎత్తి చూసింది లేదు.

ఆమె మొహం విప్పారడం చూసి టార్చికి ప్రాణం లేచొచ్చింది. అతనికీ కొద్దిగా ఆట తెలుసు. భుజం మీదుగా వంగి చూసి, "అయితే అక్కా, మీరు గెలిచారు పొండి!" అన్నాడు. "ఇదిగో, ఈ ఏనుగుని తిన్నగా ఆ చివరికి దింపితే ఆట కట్టు. రాజుకి కదలడానికి చోటే లేదు. ఆయనెవరో గానీ బంటుకి ఆశపడి కాపలా వదిలేశాడు. పప్పులో కాలేశాడు పాపం." అనేశాక నాలుక కరుచుకున్నాడు.

చెల్లాయి చూసింది. అవును, ఒక్క ఎత్తు. ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూసిన గెలుపు అక్కడ సిద్ధంగా ఉంది.

"మా అన్నయ్య పప్పులో కాలేసే మనిషి కాదు" అంది.

అంటూ ఉండగానే ఆ మాటకి అర్థమేంటో ఆమెకు తట్టింది. ఆమె చేతిలోని లైటు నేల మీదికి జారింది. వెనక వరస వదలొద్దని తనకు నూరిపోసినవాడు అతను. నిద్రలో లేపి ఆడమన్నా అక్కడి నుంచి ఆ ఏనుగుని కదపడు. అలాంటివాడికి ఆ పూట అది కనపడలేదు. కనపడలేదంటే, అప్పటికే నొప్పి మొదలైంది. ఇంటికొచ్చాక మొదలవ్వలేదు, దాంతోనే వచ్చాడు. ఈ కుర్చీలో కూర్చున్నాడో, కూర్చోవడానికి కూడా ఓపిక లేక బల్ల పట్టుకుని నిలబడ్డాడో. కళ్ళకి గళ్ళు ఆనకపోయినా ఏదో ఒకటి వేశాడు. మౌస్ జరపడం మర్చిపోలేదు అతను. జరపడానికి చెయ్యి రాలేదు.

ఒక్క నిమిషం నా కోసం ఆగలేదని కదా ఇన్నాళ్ళూ తిట్టుకుంది. ఆగాడు. ఆ నిమిషం ఆగకుండా తిన్నగా క్లినిక్‌కి పోయి ఉంటే?

"ఎందుకాగావు అన్నయ్యా" అంది. "దిక్కుమాలిన ఆట కోసం ఎందుకాగావు? వెళ్ళిపోవాల్సింది. వెయ్యకపోతే నేనేమైనా అనేదాన్నా?" అనేదాన్నే అని ఆమెకు తెలుసు. అన్నది కూడా, ఇన్ని నెలలు.

టార్చికి ఏం జరుగుతోందో సగమే అర్థమైంది. నేల మీద పడిన లైటు తీసి, ఆమెకు కనపడేలా తెరకి ఏటవాలుగా పట్టుకుని నిలబడ్డాడు.

చాలాసేపు అయ్యాక చెల్లాయి మౌస్‌ని తన ఎడమ పక్కకి తీసుకుంది. బాణం గుర్తు వెలుగులోకి రావడానికి కాస్త వెతుక్కోవాల్సి వచ్చింది. తన ఏనుగు మీదికి వెళ్ళింది, అక్కడ కాసేపు ఆగింది, దాటేసింది. పక్క అంచున ఎవరికీ అక్కరకు రాని బంటు ఒకటి ఉంటే, దాన్ని పట్టుకుని ఒక్క గడి ముందుకు జరిపింది.

"అదేంటక్కా, అది కాదు! ఏనుగు..."

"ఆ రోజు అతనికి ఒంట్లో బాగాలేదు" అంది చెల్లాయి. "ఒంట్లో బాగాలేని మనిషి మీద గెలిచి ఏం చేసుకుంటాను?"

మౌస్‌ని కుడి పక్కకి జరపకుండా అక్కడే వదిలేసి, మిషను అడుగున అరచెయ్యి పెట్టింది. కాలిపోతోంది. అయినా కాసేపు అలాగే ఉంచింది.

"ఎక్కడ నొక్కాలి ఆపాలంటే? నేనెప్పుడూ ఆపలేదు దీన్ని."

"ఇక్కడ. నొక్కి పట్టుకోవాలి." టార్చి గొంతు తగ్గించాడు. "ఆపితే ఆట మళ్ళీ రాదు అక్కా. మరి మీ ఇష్టం. నాకేం తొందర లేదు, రేపు వచ్చి చేస్తానన్నా సరే."

"వద్దు. అతను రాత్రంతా పని చేసి వచ్చాడు. పైగా నొప్పి. నీ వంతు, నీ వంతు అని ఇన్నాళ్ళూ ఇక్కడే నిలబెట్టేశాను. వెళ్ళి పడుకోనివ్వాలి."

ఆమే నొక్కింది. నొక్కి పట్టుకుంది. ఫ్యాను ఇంకా కాసేపు తిరిగి, నెమ్మదించి, ఆగింది. కొన్ని నెలలుగా ఆ ఇంట్లో ఎప్పుడూ లేని నిశ్శబ్దం వచ్చి కూర్చుంది. కింద వీధిలో ఎవరో ఎవర్నో పిలుస్తున్నది కూడా వినపడింది. చెల్లాయి బల్ల మీద తల ఆనించి, ఆ రోజు ఏడవని ఏడుపంతా ఏడ్చింది.